షాక్ తరంగాల లెక్కకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి, చౌడవరం వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లల నుంచి తరచూ ఒకే ప్రశ్న వస్తుంది. ధ్వనిని మించిన వేగంతో సాగే గాలిని, అందులో పీడనం, సాంద్రత ఒక్కసారిగా ఎగిసే పలుచని పొరలైన షాక్‌లతో సహా, కంప్యూటర్లో లెక్కగట్టాలి, రో పద్ధతి వాడాలా, హెచ్‌ఎల్‌ఎల్‌సి వాడాలా, వీనో వాడాలా అని. కొత్త పద్ధతి పాతదానికన్నా మేలనీ, ఆర్డర్ (లెక్కగట్టే గడులు సన్నబడే కొద్దీ తప్పు ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె) పెద్దదైన కొద్దీ జవాబు బాగుంటుందనీ చాలామంది అనుకుంటారు. నేను తిరిగి అడిగేది ఇది: మీ ప్రవాహంలో ఏది చెడితే మీ జవాబు చెడుతుంది? షాక్ నిలిచే చోటా, గోడ మీది పీడనమా, వేడిగాలికీ చల్లగాలికీ మధ్య ఉన్న హద్దా, షాక్ వెనుక పుట్టే చిన్న చిన్న అలలా? ఇది తేలితే పద్ధతి సగం తేలినట్టే. తేలకుండా పేరు చూసి ఎంచుకుంటే నెలల శ్రమ వృథా అవుతుంది. అందుకే కొలమానాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు చూడాల్సినవి

మొదటిది నిత్యత్వం. దీని విషయంలో బేరం లేదు. సముద్రమట్టం దగ్గర గాలిలో ఒక అణువు మరొకదాన్ని ఢీకొనేలోపు సాగే సగటు దూరం దాదాపు 70 నానోమీటర్లు. షాక్ మందం దానికి కొన్ని రెట్లు మాత్రమే. మీ గ్రిడ్‌లో (ప్రవాహాన్ని కోసిన చిన్న ముక్కల వలలో) గడి వెడల్పు బహుశా మిల్లీమీటరు ఉంటుంది. అంటే షాక్ లోపల జరిగేది మీ కంప్యూటర్‌కు కనిపించే ప్రసక్తే లేదు. షాక్‌కు ఇవతలి స్థితినీ అవతలి స్థితినీ ముడివేసేవి మూడే: ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి. ఒక గడి నుంచి ఎంత బయటికి వెళ్లిందో పక్క గడిలోకి సరిగ్గా అంతే చేరాలి. మాక్ 2 (ధ్వనివేగానికి రెట్టింపు) నిలువు షాక్ దాటిన గాలిలో పీడనం 4.5 రెట్లు, సాంద్రత 2.67 రెట్లు, ఉష్ణోగ్రత 1.69 రెట్లు పెరగడం ఈ లెక్క నుంచే వస్తుంది.

నిత్యత్వ రూపంలో ఉన్న పద్ధతి గ్రిడ్ సన్నబడే కొద్దీ ఒక జవాబు వైపు స్థిరపడితే, అది సమీకరణాలకు నిజమైన జవాబేనని లాక్స్, వెండ్రాఫ్ 1960లో నిరూపించారు. నేరుగా పీడనాన్నీ వేగాన్నీ ముందుకు నడిపే రూపంలో కోడ్ రాస్తే ఏమవుతుందో 1994లో హౌ, లెఫ్లాక్ చూపించారు: గ్రిడ్ ఎంత సన్నం చేసినా తప్పు జవాబు దగ్గరికే చేరవచ్చు. ఇందులో ప్రమాదం ఏమిటంటే, బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. షాక్ పదునుగా, ఎగుడుదిగుళ్లు లేకుండా కనిపిస్తుంది. దాని వేగం మాత్రం తప్పు. పరీక్షకులు బొమ్మ చూసి మెచ్చుకోవచ్చు గానీ ఆ ఫలితం ఎందుకూ పనికిరాదు.

రెండోది, పదునుకూ ప్రశాంతతకూ మధ్య రాజీ. కొత్త ఎగుడుదిగుళ్లు పుట్టించని సరళరేఖీయ పద్ధతి ఏదైనా మొదటి ఆర్డర్‌ను మించలేదని గొడునోవ్ 1959లో తేల్చాడు. తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఈ గోడ చుట్టూ దారి వెతికినవే. దారి ఒకటే దొరికింది. షాక్ దగ్గర ఒకలా, మృదువైన చోట మరోలా, ప్రవాహాన్ని చూసుకుంటూ పద్ధతి తనను తాను మార్చుకోవాలి.

మూడోది కాంటాక్ట్. రెండు పక్కలా పీడనం, వేగం ఒకటే, సాంద్రత మాత్రం వేరుగా ఉండే హద్దు ఇది. షాక్ తనంతట తాను పదునెక్కుతుంది, ఎందుకంటే తరంగాలు రెండువైపుల నుంచీ దానిలోకే వచ్చి చేరతాయి. కాంటాక్ట్‌కు ఆ బలం లేదు. ఒకసారి అలుక్కుపోతే మళ్లీ కూడుకోదు, కాలం గడిచేకొద్దీ ఇంకా వెడల్పవుతుంది. అందుకే రెండు పద్ధతుల తేడా చూడాలంటే షాక్ వైపు చూడకండి, కాంటాక్ట్ వైపు చూడండి.

నాలుగోది బలమైన షాక్‌ను తట్టుకోవడం. సాంద్రత గానీ పీడనం గానీ రుణాత్మకమైతే కోడ్ అక్కడే ఆగిపోతుంది. ఇక ఖర్చు. గడి వెడల్పును సగం చేస్తే కాలపు మెట్టు కూడా సగమవ్వాలి. ఇది కూరంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ 1928లో పెట్టిన షరతు. కాబట్టి ఒక దిశ లెక్కలో పని 4 రెట్లు, రెండు దిశల్లో 8 రెట్లు, మూడు దిశల్లో 16 రెట్లు పెరుగుతుంది. మే నెల విజయవాడ ఎండలో గది ల్యాప్‌టాప్ మీద రాత్రంతా నడిపే వాళ్లకు ఈ 8కీ 16కీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కూడా.

కృత్రిమ స్నిగ్ధత: మెక్‌కార్మాక్, దాని బంధువులు

షాక్‌ను కొన్ని గడుల మేర కావాలనే పరచాలనే ఆలోచన వాన్ నాయ్‌మన్, రిచ్ట్‌మయర్‌లది, 1950 నాటిది. సమీకరణాల్లో లేని స్నిగ్ధతను (జిగట లాంటి అంతర్గత ఘర్షణను) షాక్ ఉన్న చోట మాత్రం చేర్చడం ఇందులోని కిటుకు. 1969లో వచ్చిన మెక్‌కార్మాక్ పద్ధతి మన పాఠాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒకసారి ముందరి గడితో తేడా, మరోసారి వెనకటి గడితో తేడా తీసుకుని రెండింటి సగటు కట్టడమే. ఒక్క పూటలో రాసేయవచ్చు.

నాజిల్ లాంటి సాఫీ ప్రవాహానికి ఇది చక్కగా సరిపోతుంది. షాక్ రాగానే దాని పక్కన అలలు లేస్తాయి. వాటిని అణచడానికి ఒక గుణకం వేయాలి. ఆ గుణకం మాక్ 1.5కు ఒకటి కుదిరితే మాక్ 4కు మరొకటి కావాలి. ఈ సర్దుబాటే నాకు నచ్చనిది. జవాబు తెలిసిన లెక్కలో గుణకాన్ని కుదర్చవచ్చు, జవాబు తెలియని లెక్కలో దేన్ని చూసి కుదరుస్తారు? అయితే ఇదే కుటుంబంలో జేమ్సన్, ష్మిట్, టర్కెల్ 1981లో తెచ్చిన పద్ధతిని తీసిపారేయలేం. ధ్వనివేగానికి అటూ ఇటూగా వెళ్లే విమానపు రెక్క మీద నిలకడైన ప్రవాహానికి అది నేటికీ వాడుకలో ఉంది, ప్రవాహాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌యూ2లో సిద్ధంగా దొరుకుతుంది.

గొడునోవ్ దారి: రో, హెచ్‌ఎల్‌ఎల్, హెచ్‌ఎల్‌ఎల్‌సి

ప్రతి రెండు గడుల హద్దునూ ఒక చిన్న షాక్ ట్యూబ్‌గా (మధ్య తెర తీయగానే రెండు వేర్వేరు స్థితుల వాయువు కలిసే గొట్టంగా) భావించి, అందులో పుట్టే తరంగాల నుంచి ఫ్లక్స్ (హద్దు దాటే ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి) లెక్కగట్టడం గొడునోవ్ ఆలోచన. దాన్ని కచ్చితంగా సాధించాలంటే ప్రతి హద్దు దగ్గరా పునరుక్తి (మళ్లీ మళ్లీ చేసి జవాబుకు దగ్గరపడే) లెక్క చేయాలి. అంత అక్కర్లేదని తేలాక వచ్చిన ఉజ్జాయింపుల్లో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు.

రో 1981లో ఆ చిన్న సమస్యను సరళరేఖీయం చేశాడు. కాంటాక్ట్ చాలా పదునుగా వస్తుంది, గోడ దగ్గరి సరిహద్దు పొర (గోడ రాపిడికి గాలి నెమ్మదించే పలుచని పొర) కూడా చెడదు. బలహీనతలు రెండు. విరళీకరణ తరంగం (వాయువును పలచబరుస్తూ సాగే తరంగం) ధ్వనివేగాన్ని దాటే చోట ప్రకృతిలో ఉండని షాక్‌ను ఇది పుట్టించగలదు. ఆ తప్పుడు షాక్‌ను అడ్డుకునే ఎంట్రోపీ సవరణ చేర్చకుండా రోను వాడకూడదు. రెండోది, ఖాళీకి దగ్గరగా పలచబడే ప్రవాహంలో సాంద్రత రుణాత్మకంలోకి జారుతుంది.

1983లో హార్టెన్, లాక్స్, వాన్ లీర్ ఇచ్చిన హెచ్‌ఎల్‌ఎల్ దీనికి పూర్తిగా ఎదురు కొస. ఎడమకు ఒక తరంగం, కుడికి ఒక తరంగం, మధ్యలో ఒకే స్థితి. ఆ రెండు తరంగాల వేగాలను జాగ్రత్తగా అంచనా వేస్తే ఎంత బలమైన షాక్‌కూ కూలదు. కానీ మధ్యలోని కాంటాక్ట్‌ను అది అసలు గుర్తించదు కాబట్టి దాన్ని అలికేస్తుంది. టోరో, స్ప్రూస్, స్పియర్స్ 1994లో ఆ మూడో తరంగాన్ని తిరిగి చేర్చారు. హెచ్‌ఎల్‌ఎల్‌సిలో చివరి అక్షరం ఆ కాంటాక్ట్‌దే. రోకు దగ్గరి పదును, హెచ్‌ఎల్‌ఎల్‌కు దగ్గరి ధైర్యం, అదనపు ఖర్చు స్వల్పం. ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే చెబుతాను.

అయితే ఒక చోట రో, హెచ్‌ఎల్‌ఎల్‌సి రెండూ బోల్తా పడతాయి. మొండి ముక్కు ఉన్న వస్తువు ముందు బలమైన షాక్ గ్రిడ్ గీతకు సమాంతరంగా నిలిచినప్పుడు, ఆ షాక్ నడుమ ఉబ్బి వికారంగా ముందుకు పొడుచుకు వస్తుంది. దీన్ని కార్బంకుల్ అంటారు. గ్రిడ్ సన్నం చేస్తే తగ్గుతుందనుకుంటే పొరపాటు, తరచూ ముదురుతుంది. కాంటాక్ట్‌ను పదునుగా పట్టే గుణమే ఇక్కడ బెడదవుతుంది. క్వర్క్ 1994లో సూచించిన మందు ఇప్పటికీ పనిచేస్తుంది: బలమైన షాక్ ఉన్న గడుల్లో హెచ్‌ఎల్‌ఎల్ తరహా ఫ్లక్స్, మిగతా అంతటా పదునైన ఫ్లక్స్. మన దేశంలో పుట్టిన పద్ధతి ఒకటి కూడా చెప్పాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎస్.ఎం. దేశ్‌పాండే అణుగతి సిద్ధాంతం నుంచి రాబట్టిన కేఎఫ్‌వీఎస్ గట్టి షాక్‌లకు నిలబడుతుంది, కాంటాక్ట్‌ను మాత్రం కాస్త ఎక్కువగా పరుస్తుంది.

రెండో ఆర్డర్: అసలు తేడా లిమిటర్‌లో

ఏ ఫ్లక్స్ తీసుకున్నా గడిలో విలువను చదునుగా ఉంచితే మొదటి ఆర్డరే వస్తుంది. వాన్ లీర్ 1979 నాటి మజిల్ పద్ధతి ప్రతి గడిలో విలువకు ఒక వాలు ఇస్తుంది. ఆ వాలు ఎంత ఉండాలో చెప్పేది లిమిటర్. దీన్ని ఒక్కసారి చేత్తో లెక్కగట్టి చూస్తే జీవితాంతం గుర్తుంటుంది.

వరుసగా మూడు గడుల్లో సాంద్రత 0.42, 0.40, 0.27 అనుకోండి. నడిమి గడికి ఎడమ తేడా -0.02, కుడి తేడా -0.13. లిమిటర్ లేకుండా సగటు తీసుకుంటే వాలు -0.075. అప్పుడు ఆ గడి ఎడమ అంచు దగ్గర విలువ 0.4375 అవుతుంది. పక్క గడిలో ఉన్నదే 0.42. అంటే ఎక్కడా లేని కొత్త శిఖరం పుట్టింది. ఎగుడుదిగుళ్లు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. మిన్‌మాడ్ రెండు తేడాల్లో చిన్నదైన -0.02 తీసుకుంటుంది, అంచు విలువ 0.41. వాన్ లీర్ లిమిటర్ సుమారు -0.035 ఇస్తుంది, అంచు 0.417. సూపర్‌బీ -0.04 దాకా వెళ్తుంది, అంచు సరిగ్గా 0.42, అంటే అనుమతి ఉన్నంత మేరా. తేడాల గుర్తులు వేరైతే మూడూ వాలును సున్నా చేస్తాయి.

ఎంపిక కూడా ఈ అంకెల్లోనే ఉంది. మిన్‌మాడ్ భద్రం, కానీ అలుకుతుంది. సూపర్‌బీ కాంటాక్ట్‌ను కత్తిలా నిలుపుతుంది గానీ మృదువైన అలలను మెట్లుగా మార్చేస్తుంది. కోడ్ కొత్తగా నడిపేటప్పుడు మిన్‌మాడ్, ఫలితాలు తీసేటప్పుడు వాన్ లీర్, ఇదీ నా పద్ధతి. ఒక జాగ్రత్త: వాలు కట్టేది సాంద్రత, వేగం, పీడనాల మీద కట్టండి, ముందుకు నడిపేది మాత్రం ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తినే. ఈ రెంటినీ కలగలిపితే మొదట చెప్పిన నిత్యత్వం పోతుంది.

కుర్గనోవ్–టాడ్మోర్, వీనో, ఇంకొకటి

2000లో కుర్గనోవ్, టాడ్మోర్ ఇచ్చిన పద్ధతికి తరంగాలను విడదీయనక్కర్లేదు. గడి హద్దు దగ్గర అత్యధిక తరంగ వేగం తెలిస్తే చాలు. ఓపెన్‌ఫోమ్‌లోని రోసెంట్రల్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ సాల్వర్ ఈ దారిదే. కాంటాక్ట్ హెచ్‌ఎల్‌ఎల్‌సి కన్నా వెడల్పుగా వస్తుంది. వాయువు ఆదర్శ వాయువు కానప్పుడు దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే రో సగటు ఆదర్శ వాయువు సూత్రం మీద ఆధారపడి కట్టింది, ఇది కాదు.

వీనో వేరే లోకం. 1994లో లియూ, ఆషర్, చాన్ మొదలుపెట్టారు, 1996లో జియాంగ్, షూ ఐదో ఆర్డర్ రూపం ఇచ్చారు. ఐదు గడుల నుంచి మూడేసి గడుల గుంపులు మూడు తీసి, మృదువుగా ఉన్న గుంపుకు ఎక్కువ బరువు, షాక్‌ను తాకిన గుంపుకు దాదాపు సున్నా బరువు వేస్తుంది. షాక్, సన్నని అలలు కలిసి ఉన్న చోట దీనికి సాటి వచ్చేవి తక్కువ. షూ, ఆషర్ పరీక్షలో మాక్ 3 షాక్ ఒక సైన్ అల మీదుగా వెళ్తుంది. అక్కడ రెండో ఆర్డర్ పద్ధతి షాక్ వెనుక అలలను అణగదొక్కేస్తుంది, వీనో నిలుపుతుంది. కానీ షాక్ దాటి వచ్చిన ప్రాంతంలో ఐదో ఆర్డర్ నిలుస్తుందని ఆశించకండి, కచ్చితత్వం మొదటి ఆర్డర్ దగ్గరికి పడిపోవచ్చు. గ్రిడ్ వంకరగా, త్రిభుజాలతో ఉంటే రాయడం కూడా కష్టమే. అలాంటి గ్రిడ్‌కు డిస్కంటిన్యుయస్ గాలెర్కిన్ (ప్రతి గడిలో విడిగా ఒక బహుపది వేసే పద్ధతి) బాగుంటుంది, కానీ షాక్ పట్టడం అందులో ఇంకా తలనొప్పే. బీటెక్ ప్రాజెక్టుకు వద్దంటాను.

| పద్ధతి | కాంటాక్ట్ పదును | బలమైన షాక్ దగ్గర | గడికి ఖర్చు | కోడ్ రాయడం |
|---|---|---|---|---|
| మెక్‌కార్మాక్, కృత్రిమ స్నిగ్ధత | మధ్యస్థం, అలలతో | గుణకం మీద ఆధారం | చాలా తక్కువ | సులభం |
| మజిల్, రో | చాలా బాగుంది | సవరణలు తప్పనిసరి | మధ్యస్థం | కష్టం |
| మజిల్, హెచ్‌ఎల్‌ఎల్ | అలుకుతుంది | చాలా గట్టిది | తక్కువ | సులభం |
| మజిల్, హెచ్‌ఎల్‌ఎల్‌సి | చాలా బాగుంది | గట్టిది, కార్బంకుల్ తప్ప | తక్కువ | ఓ మోస్తరు |
| కుర్గనోవ్–టాడ్మోర్ | అలుకుతుంది | గట్టిది | తక్కువ | సులభం |
| వీనో, ఐదో ఆర్డర్ | చాలా బాగుంది | జాగ్రత్త కావాలి | ఎక్కువ | కష్టం |

ఎవరికి ఏది

సొంతంగా కోడ్ రాసి మౌఖిక పరీక్షలో వివరించాల్సిన బీటెక్ విద్యార్థికి: ఒక దిశలో మొదటి ఆర్డర్ హెచ్‌ఎల్‌ఎల్‌తో మొదలుపెట్టి, అది సరిగా నడిచాక హెచ్‌ఎల్‌ఎల్‌సి, ఆపైన మజిల్. ప్రతి మెట్టుకూ ఫలితం గీసి పక్కపక్కన పెడితే అదే మంచి అధ్యాయం అవుతుంది. మీకు అర్థమై మీరే రాసిన హెచ్‌ఎల్‌ఎల్‌సి, దించుకున్న వీనో కన్నా ఎన్నో రెట్లు మేలు.

సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ వాడే ఎంటెక్ విద్యార్థికి మెనూలో ఉన్నవాటి నుంచే ఎంపిక. ఫ్లూయెంట్‌లో సాంద్రత ఆధారిత సాల్వర్ తీసుకుంటే రో, ఏయూఎస్‌ఎం దొరుకుతాయి. లియూ, స్టెఫెన్ 1993లో ఇచ్చిన ఏయూఎస్‌ఎం కుటుంబం వేడి గోడల దగ్గర అధిక మాక్ ప్రవాహానికి మంచి పేరున్నది. మాక్ 3 లోపు, పదునైన ఆకారానికి రో చాలు. మొండి ముక్కుకు ఏయూఎస్‌ఎం ముందు ప్రయత్నించండి. రిపోర్టులో ఏ ఫ్లక్స్, ఏ లిమిటర్, ఎంత కూరంట్ సంఖ్య (ఒక కాలపు మెట్టులో తరంగం గడిలో ఎంత మేర సాగుతుందో చెప్పేది) వాడారో రాయకపోతే మీ పనిని మరొకరు సరిచూడలేరు.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం లాంటి చోట పనిచేస్తూ ఆవిరి నాజిల్, సేఫ్టీ వాల్వు లెక్కలు చూసే ఇంజినీర్లకు ఆవిరి ఆదర్శ వాయువు కాదన్న సంగతి రోజూ ఎదురయ్యేదే. గుణాలను పట్టికల నుంచి తీసుకునే చోట కుర్గనోవ్–టాడ్మోర్ లేదా హెచ్‌ఎల్‌ఎల్. ధ్వనివేగం ఇచ్చే పట్టిక ఉంటే చాలు, లోపల తరంగాలను విప్పే బాధ లేదు.

సివిల్ వాళ్లకూ ఒక మాట. ప్రకాశం బ్యారేజీ గేటు కింద నుంచి వేగంగా జారిన నీరు దిగువన ఒక్కసారిగా లేచి నురగలు కక్కే చోటు గణితపరంగా షాకే. లోతు తక్కువ నీటి ప్రవాహాన్ని చెప్పే నిస్సార జల సమీకరణాల్లో పీడనం స్థానంలో నీటి లోతు వర్గం వస్తుంది, గామా (రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) విలువ 2 ఉన్న వాయువు లాంటిది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లి, బుడమేరు నీరు సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత ఇలాంటి లెక్క చేయాలని చాలామంది విద్యార్థులకు అనిపించడం మంచి సంగతి. వాళ్లకు హెచ్‌ఎల్‌ఎల్ సరైన ఎంపిక, ఎందుకంటే పొడి నేల మీదికి నీరు చేరే అంచు దగ్గర రో తడబడుతుంది. కానీ వాయువులో లేని షరతు ఒకటి చేరుతుంది: ఎగుడుదిగుడు నేల మీద నిలిచి ఉన్న నీటిని పద్ధతి తనంతట తాను కదిలించకూడదు. నేల వాలు పదాన్ని ఫ్లక్స్‌తో సమతూకంగా కట్టని కోడ్ ఆ నీటిలో లేని ప్రవాహాన్ని పుట్టిస్తుంది.

ఎంచుకున్నాక సరిచూడటం

సాడ్ 1978లో ఇచ్చిన షాక్ ట్యూబ్‌తో మొదలుపెట్టండి. ఎడమ సగంలో సాంద్రత 1, పీడనం 1, కుడి సగంలో సాంద్రత 0.125, పీడనం 0.1, అంతటా వేగం సున్నా, గామా 1.4. ట్యూబు 0 నుంచి 1 దాకా, తెర 0.5 దగ్గర. కాలం 0.2 వచ్చేసరికి షాక్ 0.850 దగ్గర, కాంటాక్ట్ 0.685 దగ్గర ఉండాలి. వాటి మధ్య పీడనం 0.303, వేగం 0.927. కాంటాక్ట్‌కు ఎడమన సాంద్రత 0.426, కుడిన 0.266. షాక్ చోటు తప్పితే నిత్యత్వంలో లోపం వెతకండి. చోటు సరిగానే ఉండి కాంటాక్ట్ వెడల్పైతే అది ఫ్లక్స్, లిమిటర్ల సంగతి.

ప్రయోగశాల షాక్ ట్యూబ్‌తో పోల్చేవాళ్లు గది ఉష్ణోగ్రత కొలిచి వేయాలి. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అన్నది 15 డిగ్రీల దగ్గరి మాట. 45 డిగ్రీల గాలిలో అది దాదాపు 357. రెండు సెన్సర్ల మధ్య షాక్ ప్రయాణ కాలంలో 5 శాతం తేడా ఇక్కడే వచ్చేస్తుంది, నింద మాత్రం పద్ధతి మీద పడుతుంది.

రెండు దిశల కోడ్‌కు మాక్ 2 గాలిలో 10 డిగ్రీల చీలిక (వెడ్జ్ ఆకారపు వస్తువు) చాలు. ఏటవాలు షాక్ 39.3 డిగ్రీల కోణంలో నిలవాలి, దాని వెనుక పీడనం 1.71 రెట్లు ఉండాలి. కోణం తేడాగా వస్తే ముందు చీలిక గోడ దగ్గరి సరిహద్దు నిబంధన చూడండి, లిమిటర్ మార్చడం ఆ తర్వాతి పని.